వాసన పట్టే బొగ్గు: పెట్టె ఇంట్లో చేసుకోండి, బొగ్గు మాత్రం కొనుక్కోండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చిప్పకు కొదవ లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఏ పెరట్లో చూసినా చిప్పల కుప్ప ఒకటి కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని నేలకూల్చిన తర్వాత కూడా ఆ ప్రాంతం కొబ్బరినే నమ్ముకుని ఉంది. గాలిని శుద్ధి చేయడానికి ప్రపంచమంతటా వాడే మేలురకం బొగ్గు తయారయ్యేది ఈ చిప్పతోనే. కాబట్టి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇరుకు పోర్షనులో ఎండుచేపల వాసనతోనో, బట్టలు ముక్కిన వాసనతోనో విసిగిపోయిన మనిషికి ఒక ఆలోచన రావడం సహజం. చిప్పలు కాల్చి, ఆ బొగ్గును గుడ్డలో మూటకట్టి, గదిలో వేలాడదీస్తే పని అయిపోదా?

అవదు. పొయ్యిలో కాలిన చిప్పకూ, బజారులో యాక్టివేటెడ్ కార్బన్ పేరుతో దొరికే ఆ మేలురకం బొగ్గుకూ రంగు ఒక్కటే, పనితనం వేరు. చిప్ప కాలినప్పుడు దానిలో సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. కానీ అదే మంటలో పుట్టిన తారు వాటిలో చాలా భాగాన్ని పూడ్చేస్తుంది. కర్మాగారంలో ఆ బొగ్గును మళ్లీ 800 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి, దాని గుండా నీటి ఆవిరిని పంపుతారు. ఆవిరి తారును తొలగించి, బొగ్గును లోలోపల కొరికి, కొత్త రంధ్రాలు తెరుస్తుంది. మంచి కార్బన్‌లో ఒక్క గ్రాముకు లోపలి గోడల వైశాల్యం దాదాపు వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది. మన భూముల లెక్కలో చెప్పాలంటే చిటికెడు బొగ్గులో పాతిక సెంట్ల నేల మడిచి పెట్టినట్టు. కొబ్బరి చిప్ప కార్బన్‌లో ఎక్కువ రంధ్రాలు 2 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) కంటే సన్నవి. వాయువుల అణువులు చిక్కుకోవడానికి సరిపోయే కొలత అదే. కర్రతో చేసిన కార్బన్‌లో రంధ్రాలు వెడల్పు. బెల్లపు పాకం లాంటి ద్రవాల రంగు తీయడానికి అది బాగుంటుంది కానీ గదిలో గాలికి చిప్ప కార్బనే మేలు.

బొగ్గు ద్రవాల రంగును లాగేస్తుందని 1785లో లోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. ఆవిరితో రంధ్రాలు తెరిచే పద్ధతికి ఓస్ట్రెయ్‌కో అనే ఆవిష్కర్త 1900 ప్రాంతంలో పేటెంట్లు తీసుకున్నాడు. అయితే దీనికి గిరాకీ తెచ్చింది యుద్ధం. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలింది. ఆ ఏడాదే రష్యాలో జెలిన్‌స్కీ అనే రసాయన శాస్త్రవేత్త బొగ్గుతో పనిచేసే ముసుగు తయారుచేశాడు. 1918 నాటికి అమెరికా ప్రభుత్వం సైనికుల ముసుగుల కోసం పీచ్ పండ్ల గింజలు, కొబ్బరి చిప్పలు దాచి ఇవ్వమని ఇంటింటినీ అడిగింది. మనం పొయ్యిలోకి తోసే చిప్ప అక్కడ యుద్ధ సామగ్రి అయింది.

ఇక ఇంట్లోనే కార్బన్ తయారుచేసే చిట్కాల సంగతి. బొగ్గును నిమ్మరసంలో నానబెట్టమని కొందరు, కాల్షియం క్లోరైడ్ నీళ్లలో నానబెట్టి ఓవెన్‌లో పెట్టమని కొందరు చెబుతుంటారు. రసాయనాలతో రంధ్రాలు తెరిచే పద్ధతి నిజంగానే ఉంది. కానీ దానికి వాడేవి ఫాస్ఫారిక్ ఆమ్లం, జింకు క్లోరైడు వంటివి, కావలసిన వేడి 400 డిగ్రీలకు పైమాటే. వంటింటి ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది. నిమ్మరసంతో బొగ్గు తడుస్తుంది, అంతకు మించి చెప్పుకోదగినదేమీ జరగదు. పెరట్లో డ్రమ్ము పెట్టి ఆవిరి పద్ధతికే దిగుదామనుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. ఎర్రగా కాలిన బొగ్గుకు నీటి ఆవిరి తగిలితే పుట్టేవి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. మొదటిది వాసన లేని విషం, రెండోది మండే వాయువు. చిప్పలు అమ్ముకుని, వచ్చిన డబ్బుతో కార్బన్ కొనుక్కుని, దాన్ని ఫ్యాను ఉన్న పెట్టెలో పరిచి గది గాలిని దాని గుండా పంపడమే తెలివైన పని.

మరిగే ఉష్ణోగ్రతే తీర్పరి

కార్బన్ వాసనను నమిలి మింగేయదు. అణువులు దాని లోపలి గోడలకు అంటుకుంటాయి, అంతే. ఆ పట్టు బలహీనమైన ఆకర్షణ వల్ల వచ్చింది. బరువైన, పెద్ద అణువును గోడ గట్టిగా పట్టుకుంటుంది. చిన్న అణువు కాసేపు ఆగి జారిపోతుంది. ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో అంచనా వేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆ పదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో చూస్తే చాలు. గది వేడి 30 డిగ్రీలు అనుకుందాం. మరిగే ఉష్ణోగ్రత దానికి ఎంత పైన ఉంటే కార్బన్‌కు అంత సులువు. దానికి కింద ఉంటే మామూలు కార్బన్ చేతులెత్తేసినట్టే. దీనికి మినహాయింపులు ఉన్నాయి కానీ ఇంటి వ్యవహారానికి ఈ సూత్రం సరిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్ల వాసనలను ఈ త్రాసులో వేద్దాం. రంగు వేసిన గదిలో వచ్చే టోలీన్ 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కార్బన్ దాన్ని హాయిగా పట్టేస్తుంది. వాడిన నూనెలో మళ్లీ వేయించినప్పుడు పుట్టే హెక్సనాల్ 130 దగ్గర, చెమట పట్టిన బూట్లలోని ఐసోవాలరిక్ ఆమ్లం 176 దగ్గర మరుగుతాయి. రెండూ చిక్కుతాయి. వానాకాలంలో బీరువా తెరిస్తే కొట్టే ముక్కిన వాసనలో ఉండే జియోస్మిన్ ఇంకా బరువైనది. నీటి శుద్ధి కేంద్రాల్లో మట్టివాసన పోగొట్టడానికి కార్బన్ వాడేది దాని కోసమే. కర్పూరం, నేఫ్తలీన్ గోళీలు రెండూ 200 డిగ్రీలకు పైబడినవే కాబట్టి కార్బన్ వాటినీ వదలదు. అంటే బీరువాలో కార్బన్ సంచి పక్కనే నేఫ్తలీన్ గోళీలు పెట్టడం దండుగ. పురుగుల కోసం పెట్టిన గోళీ ఆవిరిని తాగుతూ ఆ సంచి నిండిపోతుంది.

రెండో తట్టలో మనల్ని ఎక్కువగా వేధించేవి ఉన్నాయి. మూత్రం వాసనలోని అమ్మోనియా మైనస్ 33 దగ్గర మరుగుతుంది. మురుగు గొట్టంలోంచి వచ్చే కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్, మైనస్ 60. కొత్త ప్లైవుడ్ అల్మారాలోంచి కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్, మైనస్ 19. ఇక మన తీరప్రాంతపు చేపల వాసన. అది ప్రధానంగా ట్రైమిథైల్ అమీన్, మరిగేది 3 డిగ్రీల దగ్గర. భావనపాడు, కళింగపట్నం, బారువ రేవుల చుట్టుపక్కల ఊళ్లలో ఎండుచేపల గది పక్కన కాపురం ఉండేవారికి కార్బన్ పెట్టె పూర్తి ఉపశమనం ఇవ్వకపోవడానికి కారణం ఈ అంకె. కోతలయ్యాక గోగు కట్టలు నానబెట్టే చెరువుల పక్కన ఉండేవారికి కార్బన్‌కు చిక్కేవీ చిక్కనివీ కలిసిన కంపు వస్తుంది. అందులోని బ్యుటిరిక్ ఆమ్లం 163 దగ్గర మరిగేది కాబట్టి కార్బన్‌కు దొరుకుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ దొరకదు. పెట్టె పెట్టాక కంపు తగ్గకుండా మారినట్టు అనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

చిన్న అణువుల కోసం కార్బన్‌కు వేరే రసాయనాలు పట్టించి అమ్ముతారు. అమ్మోనియాకు ఆమ్లం పట్టించినది, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు క్షారం పట్టించినది వాడతారు. ఫార్మాల్డిహైడ్‌కు పొటాషియం పర్మాంగనేట్ పట్టించిన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు కలుపుతారు. ఇవి పరిశ్రమలకు సరే. ఇంట్లో వాటికంటే చవకైన దారులు ఉన్నాయి, అందులో ఒకటి మన వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. చేపల్ని చింతపండు పులుసుతోనో నిమ్మరసంతోనో కడగడం ఉత్త ఆచారం కాదు. ట్రైమిథైల్ అమీన్ క్షార స్వభావం కలది. పులుపులోని ఆమ్లం తగిలితే అది లవణంగా మారి, గాలిలోకి లేవడం మానేస్తుంది. చేపలు కోసిన గట్టునూ కత్తిపీటనూ సింకునూ నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిస్తే కిలోల కొద్దీ కార్బన్ చేయలేని పని నిమిషాల్లో అవుతుంది. అయితే అదే సింకులో బ్లీచింగ్ పౌడరు వేసి ఉంటే ఆమ్లం దగ్గరికి తీసుకెళ్లకండి. టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ అయినా అంతే. బ్లీచింగ్ పౌడరూ ఆమ్లమూ కలిస్తే విషవాయువు క్లోరిన్ పుడుతుంది.

మురుగువాసనకు అసలు మందు నీళ్లు. స్నానాల గది గొట్టం కింద వంపులో నిలిచిన నీరే లోపలి వాయువుకు మూత. వాడని గదిలో వేసవికి ఆ నీరు ఆవిరైపోతుంది, వాసన పైకి వస్తుంది. వారానికోసారి ఒక చెంబుడు నీళ్లు పోస్తే ఆ మూత తిరిగి పడుతుంది. వంటగ్యాసు వాసన వస్తే మాత్రం ఏ వడపోత గురించీ ఆలోచించకండి. గ్యాసుకు మన హెచ్చరిక కోసమే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. దాన్ని కార్బన్ కొంతవరకు లాగేయగలదు కూడా, అదే అసలు ప్రమాదం. స్విచ్చులు ముట్టకుండా కిటికీలు తెరిచి, సిలిండరు రెగ్యులేటరు మూసేయాలి. కుంపటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ పెట్టె ఆపుతుందన్న భ్రమ కూడా వద్దు, అది మైనస్ 191 దగ్గర మరిగే వాయువు.

పెట్టె లెక్క

కార్బన్ ఎంత మంచిదైనా గాలి దాని గుండా వెళ్లాలి, వెళ్తూ కాసేపు ఆగాలి. గదిలో వేలాడదీసిన సంచి చుట్టూ గాలి తిరుగుతుంది కానీ సంచిలోకి దూరదు. ఫ్రిజ్‌లోనో, బూట్ల అల్మారాలోనో ఆ సంచి పనిచేస్తుంది. అక్కడ చోటు తక్కువ, తలుపు మూసి ఉంటుంది, వాసనకు తీరిక ఉంటుంది. పెద్ద గదికి ఫ్యాను తప్పదు. బజారులో కొన్ని ఎయిర్ ప్యూరిఫయర్లలో కార్బన్ పొర అని చూపించేది నల్ల పొడి అద్దిన పల్చటి గుడ్డ. గాలి దాన్ని రెప్పపాటులో దాటేస్తుంది. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే, కార్బన్ బరువు ఎంత అని. గ్రాముల్లో జవాబు వస్తే వాసన విషయంలో పెద్దగా ఆశపెట్టుకోకండి.

పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అనుకుందాం. గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని తిప్పగలిగితే గది గాలి గంటకు మూడు సార్లు పెట్టె గుండా పోయినట్టు. అంటే సెకనుకు 28 లీటర్లు. 30 సెంటీమీటర్ల చదరపు పళ్లెంలో 3 సెంటీమీటర్ల మందాన కార్బన్ పరిస్తే దాని ఘనపరిమాణం 2.7 లీటర్లు. లీటరుకు దాదాపు అర కిలో చొప్పున బరువు 1.3 కిలోల పైచిలుకు. గాలి ఆ పొరలో ఉండే సమయం సెకనులో పదో వంతు. వినడానికి తక్కువే కానీ వాయువులకు ఇది గౌరవప్రదమైన సమయం. పొర మందం సగం చేస్తే సమయం సగమవుతుంది. ఫ్యాను వేగం రెట్టింపు చేసినా అంతే. అందుకే ఫ్యాను ఎంత పెద్దదైతే అంత మంచిదన్న ఊహ ఇక్కడ పనిచేయదు.

గింజ కొలత దగ్గరే చాలామంది పొరపడతారు. నీళ్ల ఫిల్టరు కోసం అమ్మే కార్బన్ సన్నని రవ్వలా ఉంటుంది. అందులోంచి గాలి లాగాలంటే ఫ్యాను ఆయాసపడుతుంది. గాలికి అడగవలసింది 4×8 మెష్, అంటే రమారమి రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్ల ముక్కలు, లేదా 4 మిల్లీమీటర్ల గుళికలు. దుకాణదారు అయోడిన్ సంఖ్య చెబుతాడు. అది ద్రవంలో చేసిన పరీక్ష. గాలికి చూడవలసింది సీటీసీ సంఖ్య. 60 అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్ ఆవిరి నిండిన గాలిలో వంద గ్రాముల కార్బన్ 60 గ్రాముల ఆవిరిని పట్టిందని అర్థం. గదిలో వాసన అంత చిక్కగా ఉండదు కాబట్టి అంత పట్టదు. రెండు సరుకులను పోల్చుకోవడానికి మాత్రం ఆ అంకె ఉపయోగపడుతుంది.

పళ్లేన్ని అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉంచడం నాకు నచ్చిన ఏర్పాటు. చూడటానికి నిలువు గొట్టం ముచ్చటగానే ఉంటుంది. కానీ నెల తిరిగేసరికి గింజలు కిందికి కుదించుకుని పైన ఖాళీ ఏర్పడుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది, ఆ సందులోంచి వాసనతో సహా దాటిపోతుంది. పళ్లెంలో గింజలు సర్దుకున్నా పొర పొరగానే ఉంటుంది. అడుగున తుప్పుపట్టని స్టీలు జాలీ, దాని మీద కార్బన్, పైన ఇంకో జాలీ. మన ఉప్పుగాలికి ఇనుప జాలీ ఆగదు. పెట్టె గోడలకు పళ్లెం అంచులు ఆనే చోట రబ్బరు పట్టీ అంటించాలి. పెట్టెకు ప్లైవుడ్ వాడితే దాని ఫార్మాల్డిహైడ్‌ను మనమే గదిలోకి తెచ్చుకున్నవాళ్లమవుతాం. రేకు గానీ గట్టి ప్లాస్టిక్ డబ్బా గానీ చాలు. పోసే ముందు కార్బన్‌ను ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని జల్లించండి. ఆ పొడి గదిలోకి వస్తే తెల్ల గోడలు మిగలవు.

ఫ్యాను కార్బన్‌కు అవతల, శుభ్రమైన వైపు ఉండి గాలిని లాగాలి. బల్ల ఫ్యాను రెక్కలు అడ్డులేని గాలిని విసరడానికి చేసినవి, అడ్డు వస్తే వెనక్కి తంతాయి. చిన్న బ్లోయర్ మంచిది. ఎగ్జాస్ట్ ఫ్యానుతో సరిపెట్టుకుంటే దాని డబ్బా మీద రాసిన గాలి లెక్క అడ్డు లేనప్పటిదని గుర్తుంచుకోండి, కార్బన్ గుండా అందులో కొంత భాగమే వస్తుంది. గాలి మరీ తక్కువైతే పొరను పల్చన చేయకండి. పక్కన ఇంకో పళ్లెం చేర్చి వైశాల్యం పెంచండి.

గాలి లోపలికి వచ్చే వైపు ఉతుక్కోదగిన వడపోత గుడ్డ ఒకటి తప్పనిసరి. దుమ్ము, అగరుబత్తి పొగ, తాలింపు నూనె తుంపరలు కార్బన్ రంధ్రాల నోళ్లు మూసేస్తాయి. పలాసలో జీడిగింజలు కాల్చే బట్టీల పొగ పడే ఇళ్లలో ఈ గుడ్డ కార్బన్ కంటే ముందే నల్లబడుతుంది, అక్కడ దాన్ని తరచు ఉతకాలి. గొట్టం లేకుండా గాలిని మళ్లీ వంటింట్లోకే వదిలే చిమ్నీల్లో కార్బన్ బిళ్లలు తొందరగా పాడవడానికీ ఈ నూనే కారణం. గోడకు చిల్లు పెట్టి గాలిని బయటికి పంపే వీలుంటే వంటింటికి అంతకు మించిన ఉపాయం లేదు.

తేమతో పేచీ

తీరంలో ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడ ఉంది. పొడి గాలిలో కార్బన్ నీటిని పెద్దగా పట్టించుకోదు. తేమ 50, 60 శాతం దాటాక కథ మారుతుంది. నీటి అణువులు ఒకదాని వెంట ఒకటి చేరి సన్నని రంధ్రాలను నింపేస్తాయి. మన వైపు వానాకాలంలో 80 శాతం దాటడం మామూలే. జూన్ నుంచి అక్టోబరు దాకా పెట్టెలోని కార్బన్ సగం పని నీళ్లు మోయడమే అనుకోవచ్చు. టోలీన్, జియోస్మిన్ లాంటి బరువైనవి నీటిని కొంత నెట్టుకుని చోటు సంపాదించుకుంటాయి, తేలికైనవి వీధిన పడతాయి. బీచి పక్క ఊరి వారికంటే పార్వతీపురం వైపు వారికి వేసవిలో ఇదే పెట్టె మెరుగ్గా పనిచేయడంలో వింత లేదు. ఏసీ ఉన్న గదిలో తేమ తగ్గుతుంది కాబట్టి కార్బన్ బతికిపోతుంది. ఏసీ లేని గదిలో ముసురు రోజుల్లో పెట్టె ఆపి, కార్బన్‌ను గట్టి మూత డబ్బాలో పోసి ఉంచడం మేలు.

ఎండలో ఆరబెడితే కార్బన్ కొత్తదవుతుందని సంచులు అమ్మేవారు చెబుతారు. అందులో సగం నిజం ఉంది. వైశాఖపు ఎండకు నీరు పోతుంది, వదులుగా అంటుకున్న కొంత వాసన పోతుంది. గట్టిగా పట్టుకున్నవి కదలవు. కర్మాగారాల్లో వాడిన కార్బన్‌ను మళ్లీ 800 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి గానీ పూర్తిగా శుద్ధి చేయలేరు. ఇంటి ఓవెన్‌లో పెడితే ఇన్నాళ్లు దాచిన కంపంతా వంటగదిలోకి వదులుతుంది. నిండిన కార్బన్ గది వేడెక్కితే తనంతట తానే కొంత వాసన తిరిగి వదులుతుంది కూడా. నిన్నటిదాకా బాగున్న పెట్టె ఏప్రిల్ మధ్యాహ్నం కంపు కొడితే అది నిండిందని అర్థం.

ఎప్పుడు మార్చాలో బరువు తూచి తెలుసుకుందామంటే నీటి బరువు మోసం చేస్తుంది. ముక్కే సాధనం. అయితే గదిలో ఉన్నవారి ముక్కు కాసేపటికి అలవాటుపడిపోతుంది, అందుకని బయట తిరిగి వచ్చిన మనిషిని పెట్టె నుంచి వచ్చే గాలి వాసన చూడమనాలి. వాడిన కార్బన్ వంటింటి, బీరువా వాసనలకే పనిచేసి ఉంటే మొక్కల మట్టిలో కలిపేయవచ్చు. రంగులు, థిన్నర్ల ఆవిరి పట్టినదైతే కుండీల్లోకి గానీ పొయ్యిలోకి గానీ పోకూడదు. మూట కట్టి, ఖాళీ రంగు డబ్బాల్లాంటి హానికర వ్యర్థాలతో కలిపి పారిశుద్ధ్య సిబ్బందికి విడిగా ఇవ్వాలి.